ఒంటిదారి వెలుగు

మల్టీవిటమిన్ మాత్రలు, మల్టీగ్రెయిన్ పిండి, మల్టీప్లెక్స్ సినిమా, మల్టీస్పెషాలిటీ ఆసుపత్రి... ఏ వస్తువు పేరుకి ముందు ‘మల్టీ’ ఉంటే అది గొప్పదని నమ్మే రోజులివి. ‘సింగిల్’ అంటారా, పాపం, వినగానే జాలేస్తుంది. సింగిల్ బెడ్‌రూము ఇల్లు, సింగిల్ మంచం. అందుకే మొన్న సంక్రాంతి ముందు ఒక శనివారం మావారు విజయనగరంలో కొట్టు దగ్గర్నించి ఫోన్ చేసి, “ఏమోయ్, సింగిల్ మోడా, మల్టీ మోడా అని అడుగుతున్నాడు, ఏది తెమ్మంటావు?” అంటే, క్షణం కూడా ఆలోచించకుండా “మల్టీయే తెండి. ఓ పది రూపాయలు ఎక్కువైతే అయింది” అన్నాను.

నేను బి.ఏ. చదివినదాన్ని. సైన్సుకీ నాకూ మధ్య ఉన్న దూరం విజయనగరానికీ కాశీకీ మధ్య కూడా లేదు. అయినా ఆ పూట అంత ధీమాగా తీర్పు ఎలా చెప్పానా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతూంటాను.

ముందు ఆ తీగ కథ చెప్పాలి. మా పెద్దమ్మది సోంపేట దగ్గర పల్లె. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, ఒక్కర్తే ఉంటుంది. కొడుకు, అంటే మా అన్నయ్య, హ్యూస్టన్‌లో. ప్రతి ఆదివారం పొద్దున్న ఏడింటికి ఆవిడ టీవీ ముందు కూర్చుంటుంది. అక్కడ శనివారం రాత్రి. టీవీకి కెమెరా తగిలించి పెట్టాడు అన్నయ్య. పెద్దమ్మకి చెవి మందం. పెద్ద తెరమీద కొడుకు పెదవులు కదలటం చూస్తేగాని మాట పట్టుకోలేదు. సెల్‌ఫోన్‌తో ఆవిడకి పని జరగదు. పైగా ఆ మందపాటి గోడల ఇంట్లో సిగ్నల్ కావాలంటే పెరట్లో బావి దగ్గరికి పోవాలి.

పండక్కి ఇల్లు దులిపి పెడదామని వెళ్ళినదాన్ని, ఊరుకోక బీరువా జరిపాను. దాని వెనక గోడమీది చిన్న పెట్టెనించి ఇంటర్నెట్ డబ్బాకి వెళ్ళే పసుపుపచ్చ తీగ నలిగి పుటుక్కుమంది. డబ్బాలో ఎర్రలైటు వెలిగింది. కేబుల్ అబ్బాయేమో చెల్లెలి పెళ్ళికి వెళ్ళాడు, సోమవారంగాని రాడు. ఆ తీగని ప్యాచ్ కార్డ్ అంటారట. అదే మావారు ఆ సాయంత్రం రైల్లో పట్టుకొచ్చారు. నారింజరంగులో నిగనిగలాడుతోంది. తల సరిగ్గా పట్టింది. ఎర్రలైటు ఆరిపోయింది. “చూశారా!” అన్నాను. ఎర్రలైటైతే ఆరిందిగాని పక్కనున్న పచ్చలైటు రెప్పలు కొట్టుకుంటూనే ఉంది. నిలకడగా వెలగదు. తెల్లారేదాకా చూశాం. నెట్ రాలేదు.

ఆ ఆదివారం మామూలు ఆదివారం అయితే ఇంత రాయను. ఇల్లూ, కొబ్బరితోటా అమ్మేసి తల్లిని తనతో తీసుకుపోదామని అన్నయ్య ఆలోచన. బేరం వచ్చింది. సంక్రాంతిలోగా ఏదో ఒకటి చెప్పమన్నాడట కొనేవాడు. నాలుగు వారాలుగా అదే మాట నడుస్తోంది. నడుస్తోందంటే, అందరం మాట్లాడుతున్నాం. వదిన ఒకపక్క, పిల్లలు ఒకపక్క, ఇట్నించి వచ్చిన చుట్టాలూ నేనూ మరోపక్క. పెద్దమ్మ నోరు తెరిచేలోగా ఎవరో ఒకరు అందుకునేవాళ్ళం. ఆవిడ ఊరుకుంటే, ఒప్పుకున్నట్టే అనుకున్నాడు అన్నయ్య.

ఆ రోజు పెద్దమ్మ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని ఏడింటికే టీవీ ముందు కూర్చుంది. తొమ్మిదయినా లేవలేదు. “మళ్ళీ తుఫానప్పటి లాగైపోనాదే పిల్లా” అంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆవిడ తోటలో చెట్లన్నీ వేళ్ళతో సహా పడిపోయాయి. కరెంటు స్తంభాలూ పడిపోయాయి. తల్లి బతికి ఉందో లేదో నాలుగు రోజులపాటు కొడుక్కి తెలియలేదు. ఈసారి తుఫాను లేదు. నేనున్నాను, అంతే!

నేను బావి దగ్గరికి వెళ్ళి “నెట్ పోయింది, తొందరపడి బేరానికి మాటివ్వకు” అని అన్నయ్యకి మెసేజ్ పెట్టి వచ్చాను.

సోమవారం కేబుల్ అబ్బాయి వచ్చి తీగ చూడగానే తల పట్టుకున్నాడు. “ఇదేటమ్మా, ఇది తెచ్చీసినారు? మన లైను సింగిల్ మోడు. ఇది మల్టీ. తల పడతాది గాని పని చెయ్యదు” అన్నాడు. ఏమిటా తేడా అని అడిగితే విసుక్కోకుండా చెప్పాడు, పాఠం చెప్పే ఓర్పు ఉంది వాడికి.

రెండు తీగల్లోనూ గాజుపోగు మందం ఒకటే, 125 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యోవంతు మైక్రాను. పోగు మధ్యలో వెలుగు నడిచే దారిలోనే ఉంది తేడా. మల్టీ మోడ్‌లో ఆ దారి 50 మైక్రాన్లు, పాత రకంలో 62.5. సింగిల్ మోడ్‌లో సుమారు 9 మాత్రమే. వెడల్పు దారిలో వెలుగు అనేక దోవల్లో పోతుంది. కొంత తిన్నగా, కొంత అటూ ఇటూ మలుపులు తిరుగుతూ. అన్నీ ఒక్కసారే బయల్దేరినా చేరేది వేరువేరు వేళల్లో. దూరం పెరిగేకొద్దీ ముందు మాట తోక వెనక మాట తలకి తగులుతుంది, అంతా కలగాపులగం. ఇరుకు దారిలో ఆ గొడవ లేదు. ఒక్కటే దోవ. అందుకే పదుల కిలోమీటర్లు పోయినా చెదరదు. ఊరి నుంచి మన ఇంటికొచ్చే లైన్లన్నీ సింగిలే.

అలాగని మల్టీ పనికిమాలినదేం కాదు. ఒకే భవనంలో, ఒక గదిలోంచి ఇంకో గదికి వేసుకోవటానికి బాగుంటుంది. దానికి తగిలించే పరికరాలు చవక. ఓ.ఎం.3 అనే నీలిరంగు రకం సెకనుకి 10 గిగాబిట్ల వేగాన్ని 300 మీటర్లదాకా మోస్తుంది. కొట్లో అడగాల్సింది ఏది గొప్పది అని కాదు. ఎంత దూరం, అవతలి కొసన ఏముంది అని. తీగమీద చిన్న అక్షరాల్లో 9/125 అనో, ఓ.ఎస్.2 అనో ఉంటే సింగిల్. 50/125 అని ఉంటే మల్టీ. పసుపుపచ్చ సాధారణంగా సింగిల్‌కి గుర్తు. తల రంగు కూడా చూసుకోవాలి. పచ్చ తల ఏటవాలుగా అరగదీసింది, పచ్చదానితోనే కలపాలి. పాత తీగ ముక్క చేతపట్టుకుని కొట్టుకి వెళితే ఇంత చదువూ అక్కర్లేదు!

“మరి ఎర్రలైటు ఎందుకు ఆరింది?” అన్నాను పట్టు వదలక.

“అట్నుంచి ఎలుగొస్తంది కదమ్మా. సన్నదార్లోంచి ఎడల్పు దార్లోకి రావడం సులువు. ఇట్నుంచి ఎల్లడమే కష్టం. గంగాళంలో నీళ్ళు సీసాలోకి ఒంపినట్టు, శానామట్టుకు ఒలికిపోతాది. ఆల మాట మన డబ్బాకి ఇనపడతంది. డబ్బా మాట ఆలకి ఇనపడట్లేదు.”

నాకు మరి మాట రాలేదు. గోడవారగా కూర్చున్న పెద్దమ్మ వైపు చూశాను. నాలుగు వారాలుగా ఆ ఇంట్లో జరిగింది అదే కదా! అందరి మాటా ఆవిడ వింది. ఆవిడ మాట మాత్రం ఎవరికీ వెళ్ళలేదు. అరిసెల పళ్ళెం చుట్టూ కూచుని పదిమందిమి ఒక్కసారిగా మాట్లాడుకుంటే మనకి అన్నీ తెలుస్తాయి. అది దగ్గరి దూరం. హ్యూస్టన్ దాకా పోవాలంటే అలా కుదరదు.

గాజుపోగులో వెలుగుని దూరాలకి పంపవచ్చునని, గాజు శుద్ధి అయితే చాలునని 1966లో చార్లెస్ కావో అనే ఆయన చెప్పాడు. 2009లో ఆయనకి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఒక్క మాట నమ్మించటానికి ఎంత కాలం పట్టిందో! మన పెద్దవాళ్ళకి అంత వ్యవధి ఎక్కడుంది?

పసుపుపచ్చ తీగ తగిలించగానే పచ్చలైటు నిలకడగా వెలిగింది. మర్నాడు పొద్దున్న అన్నయ్య వస్తానన్నాడు. ఈసారి నేను ఒక్క పని చేశాను. మావారినీ, పక్కింటివాళ్ళనీ, నన్నూ గదిలోంచి బయటికి పంపించేసి తలుపు దగ్గరగా వేశాను. అక్కడ కూడా వదినా పిల్లలూ లేకుండా ఒక్కడివే కూర్చోమని ముందే చెప్పాను.

వీధిగుమ్మంలోంచి చూస్తే తోట కనిపిస్తుంది. తుఫాను మర్నాటి ఏడాది వానల్లో పెద్దమ్మ దగ్గరుండి నాటించిన కొబ్బరి మొక్కలు. ఇప్పుడిప్పుడే గెలలు వేస్తున్నాయి. ఆవిడ ఏం చెప్పదలుచుకుందో వాటిని చూస్తే సగం తెలిసింది. ఇన్నాళ్ళూ నేనెందుకు చూడలేదో తెలియలేదు.

పావుగంటకి తలుపు తీసుకుని బయటికి వచ్చింది. మొహంలో అలసట, కళ్ళు తడి.

“ఏం చెప్పావు పెద్దమ్మా?”

“చెప్పాల్సింది చెప్పినాను.”

“అన్నయ్య ఏమన్నాడు?”

చెంగుతో కళ్ళు ఒత్తుకుని, తోటవైపు నడుస్తూ అంది:

“ఇన్నాడు.”