పాతికేళ్లకే శిఖరం దాటేశాడా?

టోక్యోలో 2021 ఆగస్టు 7న యాకోబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ 1500 మీటర్లను 3 నిమిషాల 28.32 సెకన్లలో పరిగెత్తి ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. అప్పటికి అది ఒలింపిక్ రికార్డు. అతని వయసు 20. మూడేళ్ల తర్వాత పారిస్‌లో అదే దూరం 3 నిమిషాల 28.24 సెకన్లలో ముగించాడు. స్వర్ణం తెచ్చిన పరుగు కన్నా ఇది 0.08 సెకను మెరుగు. అయినా వచ్చింది నాలుగో స్థానం.

మన దగ్గర అర్ధరాత్రి దాటాక వచ్చిన ఆ ఫైనల్ నేను కళ్లార్పకుండా చూశాను. మొదటి ల్యాపు నుంచీ ముందున్నది యాకోబే. అందరికీ వేగం నిర్దేశించి, గాలికి ఎదురు నిలిచి, చివరి మలుపు దాకా లాక్కొచ్చాడు. చివరి వంద మీటర్లలో ముగ్గురు అతన్ని దాటేశారు. కోల్ హాకర్ 3:27.65, జోష్ కెర్ 3:27.79, యారెడ్ నుగూస్ 3:27.80. ముగ్గురూ టోక్యో రికార్డును మించినవాళ్లే. మర్నాటి నుంచి పరుగు లోకంలో మొదలైన మాట ఒకటే: ఈ కుర్రాడు ఎక్కాల్సినంత ఎత్తు ఎక్కేశాడా, ఇక దిగడమేనా?

ఆ మాటను నేను అంత తేలిగ్గా ఒప్పుకోలేను. అలాగని కొట్టిపారేయనూ లేను.

భయం ఎక్కడినుంచి వస్తోందో ముందు చెప్పాలి. యాకోబ్ నార్వేలోని సాండ్‌నెస్ ఊరివాడు, ఏడుగురు సంతానంలో ఐదోవాడు. తండ్రి యెర్ట్ ఇంట్లోనే కోచ్ అయ్యారు. అన్న హెన్రిక్ 2012లో, మరో అన్న ఫిలిప్ 2016లో 1500 మీటర్లలో ఐరోపా విజేతలయ్యారు. అన్నల వెంట పరిగెత్తడమే ఇతని బాల్యం. ఆ కుటుంబం మీద నార్వే టీవీలో ధారావాహికే వచ్చింది. 2017లో, పదహారేళ్ల వయసులో, అమెరికాలోని యూజీన్‌లో మైలు 3 నిమిషాల 58.07 సెకన్లలో పరిగెత్తాడు. మరుసటి ఏడు బెర్లిన్ ఐరోపా పోటీల్లో 1500, 5000 రెండూ గెలిచినప్పటికి పదిహేడు దాటి ఇంకా పద్దెనిమిది నిండలేదు. అంటే పుట్టిన తేదీ లెక్కన 2000 సెప్టెంబరు 19 నాటివాడే గానీ, శిక్షణ లెక్కన ఆ కాళ్లకు చాలా ఎక్కువ వయసు. చెట్టున పండాల్సిన కాయను ముందే కోసి మగ్గబెడితే అసలు రుచి రాదన్న బెంగ అందుకే.

ఆ బాల్యం గురించి ఇంకో మాట ఉంది. 2022లో తండ్రి కోచింగ్ ముగిసింది. 2023 అక్టోబరులో ముగ్గురు అన్నదమ్ములూ, తండ్రి తమపై చెయ్యి చేసుకున్నారని, బెదిరించారని పత్రికాముఖంగా చెప్పారు. ఆయన కాదన్నారు. 2025 జూన్‌లో కోర్టు యాకోబ్ విషయంలో ఆయన్ని నిర్దోషిగా వదిలింది, కూతురిపై ఒక చిన్న దాడి విషయంలో దోషిగా తేల్చింది. తీర్పు తీర్చడం కోర్టు పని. నాకు పట్టిన ఆలోచన వేరు: ఇంత బరువు మోస్తూ ఒక మనిషి ప్రపంచ రికార్డులు పరిగెత్తాడు. అతని పని అయిపోయిందా అని అడిగేవాళ్లు ఆ బరువును కూడా లెక్కలో వేసుకోవాలి.

చిన్న వయసులో వెలిగి ఆరిపోయినవాళ్లు ఈ ఆటలో లేకపోలేదు. అమెరికాలో కాన్సాస్ కుర్రాడు జిమ్ రైయన్ 1964లో, హైస్కూల్లో ఉండగానే, మైలును నాలుగు నిమిషాల్లోపు ముగించాడు. హైస్కూలు విద్యార్థుల్లో అది మొదటిసారి. పందొమ్మిదేళ్లకు ప్రపంచ రికార్డు 3:51.3. ఇరవై ఏళ్లకు, 1967లో, దాన్ని 3:51.1కి దించాడు. ఆ అంకె ఎనిమిదేళ్లు నిలిచింది. అంతకన్నా వేగంగా మైలు పరిగెత్తడం రైయన్‌కు మళ్లీ సాధ్యం కాలేదు. 1968లో ఒలింపిక్స్ సముద్రమట్టానికి 2240 మీటర్ల ఎత్తున ఉన్న మెక్సికో సిటీలో జరిగాయి. పలచని గాలికి పుట్టుకతో అలవాటుపడ్డ కెన్యా వీరుడు కిప్ కెయినో దాదాపు మూడు సెకన్ల తేడాతో గెలిచాడు, రైయన్‌కు రజతం దక్కింది. 1972 మ్యూనిక్ హీట్స్‌లో మరో పరుగు వీరుడితో తగిలి కింద పడ్డాడు. అంతే. గడియారం మాటే వింటే అతని శిఖరం ఇరవయ్యేళ్లకే వచ్చి వెళ్లింది.

నన్ను ఎక్కువగా వెంటాడేది డేనియల్ కొమెన్ కథ. కెన్యాలో పుట్టిన ఈ మనిషి 1996లో, ఇరవయ్యేళ్లకు, ఇటలీలోని రియేటిలో 3000 మీటర్లు 7 నిమిషాల 20.67 సెకన్లలో పరిగెత్తాడు. మరుసటి ఏడు రెండు మైళ్లను ఎనిమిది నిమిషాల్లోపు ముగించాడు. అంటే నాలుగు నిమిషాల్లోపు మైలు ఒకటి పరిగెత్తి, ఆగకుండా ఇంకొకటి. అదే ఏడు 5000 మీటర్ల ప్రపంచ విజేత, అదే దూరంలో ప్రపంచ రికార్డు కూడా. ఇరవై మూడు నిండేలోగా ఆ వెలుగు తగ్గిపోయింది. ఒలింపిక్స్‌లో ఒక్కసారీ పరిగెత్తలేదు. కానీ ఆ 3000 మీటర్ల రికార్డు 28 ఏళ్లు చెక్కుచెదరలేదు. 2024 ఆగస్టులో, పారిస్ నాలుగో స్థానం తర్వాత మూడు వారాలు తిరక్కుండా, పోలండ్‌లో దాన్ని బద్దలు కొట్టినవాడు యాకోబ్: 7 నిమిషాల 17.55 సెకన్లు. మూడు సెకన్లకు పైగా తగ్గించాడు. శిఖరం దిగుతున్న మనిషి చేసే పని కాదిది.

నిజానికి శిఖరం ఒక్కటే ఉంటుందన్న ఊహలోనే చిక్కుంది. మొరాకో వీరుడు హిషామ్ ఎల్ గెరూజ్ 1998లో, ఇరవై మూడేళ్ల వయసులో, రోమ్‌లో 1500 మీటర్లకు 3:26.00 పెట్టాడు. మరుసటి ఏడు అక్కడే మైలు 3:43.13. ఆ రెండూ నేటికీ ఎవరికీ చిక్కలేదు. గడియారం ప్రకారం అతను ఇరవై నాలుగేళ్లకే ముగిసిపోయాడు. కానీ ఒలింపిక్స్‌లో? 1996లో అట్లాంటాలో పడిపోయాడు, 2000లో సిడ్నీలో నోవా ఎన్‌గెనీ వెనక రెండోవాడయ్యాడు. 2004 ఏథెన్స్‌లో, ముప్పై నిండడానికి నెల కూడా లేని రోజుల్లో, 1500, 5000 రెండూ గెలిచాడు. అతని వేగం ఒక ఏడు పండింది, విజయం ఐదేళ్ల తర్వాత పండింది.

ఒంటి లెక్క కూడా ఇంతే. ఊపిరితిత్తులు, గుండె కలిసి అందించే ప్రాణవాయువు మోతాదు ఇరవైల మొదట్లోనే దాదాపు గరిష్ఠానికి చేరుతుంది. అదే వేగాన్ని తక్కువ ప్రాణవాయువుతో సాగించే పొదుపు మాత్రం ఏళ్ల తరబడి పరిగెత్తినకొద్దీ మెరుగవుతూ ఉంటుంది. ఆఖరి రెండొందల మీటర్ల విసురు వేరే సరుకు. అది కొందరికి మొదటి నుంచీ ఉంటుంది, ఎంత సాధన చేసినా కొందరికి కొంతవరకే వస్తుంది. నార్వే పద్ధతిలో వారానికి రెండు రోజులు ఉదయం, సాయంత్రం కూడా గట్టి పరుగులే. కానీ మధ్యమధ్య రక్తపు చుక్క తీసి, శ్రమతో పెరిగే లాక్టేట్ పాళ్లు చూసుకుంటూ, ఒళ్లు హూనం కాకముందే ఆగుతారు. పిచ్చిగా పిండుకోవడం ఉండదు. పదేళ్ల కష్టం తర్వాత కూడా యాకోబ్ మెరుగవుతూ వచ్చాడంటే ఈ నిగ్రహమే కారణమని నా నమ్మకం.

విసురు దగ్గరే అతని కథ ముడిపడింది. 2022 యూజీన్ ప్రపంచ పోటీల్లో జేక్ వైట్‌మన్, 2023 బుడాపెస్ట్‌లో జోష్ కెర్, 2024 పారిస్‌లో పైన చెప్పిన ముగ్గురు. ప్రతిసారీ ముందున్నది యాకోబ్, ప్రతిసారీ చివర్లో దాటిపోయింది ఇంకొకరు. 800 మీటర్ల వేగం కలిసిన మనుషులు భుజం వెనకే నక్కి ఉంటే ఎంత వేగంగా లాగినా వాళ్లను విదిలించుకోలేడని మూడుసార్లు తేలింది. కానీ అవే మూడు ఏళ్లలో, అవే పోటీల్లో, 5000 మీటర్ల స్వర్ణాలు మూడూ అతనివే. 1500లో సరిపోని విసురు పన్నెండున్నర ల్యాపుల తర్వాత అందరికన్నా పదునైనదవుతోంది. దూరం పెరిగేకొద్దీ పక్కవాళ్ల కాళ్లలోది ఇగిరిపోతుంది, ఇతనిది మిగులుతుంది.

అందుకే నా తీర్పు ఇది. 1500 మీటర్ల పతకాల వరకు టోక్యోయే అతని గరిష్ఠమై ఉండొచ్చు. చెప్పడానికి నాకు బాధగానే ఉంది. ఆ రోజు, అప్పటిదాకా ఒక్కసారీ ఓడించలేని తిమోతీ చెరుయోట్‌ను దాటుకుని పోయిన ఇరవయ్యేళ్ల కుర్రాణ్ణి చూసిన ఆనందం అలాంటిది. పరుగు మొత్తానికి మాత్రం అతను ఇంకా పైకే ఎక్కుతున్నాడు. 2025 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని లియెవాన్‌లో ఇండోర్ మైలు 3:45.14, దారిలోనే 1500 మీటర్ల ఇండోర్ రికార్డు కూడా. మార్చిలో నాన్‌జింగ్ ప్రపంచ ఇండోర్ పోటీల్లో 1500, 3000 రెండూ స్వర్ణాలే.

తర్వాత మడమ వెనకున్న ఆకిలిస్ టెండన్ మొరాయించింది. వేసవి మొత్తం పోటీలకు దూరమయ్యాడు. సెప్టెంబరులో టోక్యో ప్రపంచ పోటీలకు వెళ్లి 1500 హీట్స్‌లోనే వెనుదిరిగాడు, 5000 ఫైనల్లో పదోవాడయ్యాడు. ఆ పోటీలు జరుగుతున్న రోజుల్లోనే అతనికి పాతికేళ్లు నిండాయి. ఆ పదో స్థానాన్ని పట్టుకుని అతని వయసు గురించి తేల్చేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఓడింది దెబ్బతిన్న టెండన్. కండరానికి అందినంత రక్తం దానికి అందదు, మానడానికి నెలలు పడుతుంది, తొందరపెడితే మళ్లీ తిరగబెడుతుంది. అతని భవిష్యత్తు మీద నాకున్న అసలు భయం దాని గురించే, వయసు గురించి కాదు.

ఇంకో అంకె ఉంది, అందరూ దాటవేసేది. అతని 5000 మీటర్ల అత్యుత్తమ సమయం 12:48.45. అది 2021లో ఫ్లోరెన్స్‌లో, టోక్యో స్వర్ణానికి ముందు, ఇరవయ్యేళ్ల కుర్రాడిగా పరిగెత్తినది. జాషువా చెప్టెగెయ్ ప్రపంచ రికార్డు 12:35.36. 3000 మీటర్లను 7:17.55లో ముగించగల మనిషికి 12:48 చాలా పాత లెక్క. ఆ తర్వాత అతను 5000ను పతకాల కోసమే పరిగెత్తాడు, గడియారం కోసం మనసుపెట్టి పరిగెత్తలేదు. టెండన్ మానాక ఒక వేసవి 1500 గొడవ పక్కనపెట్టి, ఓస్లోలోని బిస్లెట్ స్టేడియంలో తన జనం మధ్య, ముందు పేస్‌మేకర్లను పెట్టుకుని ఒక్కసారి ఆ దూరం మీద పడాలి. ఆ పరుగు చూడకుండా అతని శిఖరం ఎక్కడుందో ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను.