లోకనింద – ఆత్మనిశ్చయం

ఋగ్వేదం 10వ మండలంలోని 34వ సూక్తం ఒక జూదరి ఆత్మవిలాపం. తానికాయలే ఆనాటి పాచికలు. వాటి వ్యామోహంలో సర్వస్వం కోల్పోయిన ఆ అభాగ్యుణ్ణి అత్తగారు ద్వేషిస్తుంది, భార్య దూరం పెడుతుంది, తల్లిదండ్రులూ సోదరులూ అతడెవరో తమకు తెలియదంటారు. ఇక ఆడకూడదని అతడు నిశ్చయించుకుంటాడు. పాచికల చప్పుడు చెవిన పడగానే ఆ నిశ్చయం కరిగిపోతుంది. వ్యసనపీడితుణ్ణి లోపలినుండి దహించే తృష్ణనూ, వెలుపలినుండి బాధించే నిందనూ ఆ సూక్తం ఒకేచోట చూపుతుంది.

తృష్ణను జయించే ఉపాయాలను గురించి మన పెద్దలు చాలా చెప్పారు. మరి వ్యసనాన్ని విడిచిన తరువాత కూడా వెంటాడే నింద మాటేమిటి?

గోదావరి తీరంలోని ఒక పట్టణంలో ఒక ఉపాధ్యాయుడు పదహారేళ్ళపాటు మద్యానికి దాసుడై, పద్నాలుగు నెలల క్రితం దాన్ని విడిచిపెట్టాడు. చిరకాలం విపరీతంగా తాగినవాడు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలగవచ్చు. ప్రాణాపాయం కూడా సంభవించవచ్చు. అందుచేత అతడు వైద్యుల పర్యవేక్షణలోనే మానాడు. శరీరయాతన కొన్ని దినాలలో శమించింది. ఇంటికి వచ్చిన తరువాత మొదలైన యాతనకు మాత్రం ఏ వైద్యుడూ ఔషధం వ్రాసి ఇవ్వలేదు.

ఇటీవల బావమరిది ఇంట గృహప్రవేశం జరిగింది. వంటవారికి చెల్లించవలసిన సొమ్మును అతని చేతికి ఇవ్వబోయి, బావమరిది చివరి క్షణంలో చేయి వెనక్కి తీసుకున్నాడు. "మీరు కూర్చోండి బావగారూ, అబ్బాయి ఇచ్చొస్తాడులెండి." మాటలో మర్యాద లోపించలేదు, విశ్వాసమే లోపించింది. పంక్తిలో ఎవరో, "ఎన్నాళ్ళ ముచ్చటలే ఇది!" అన్నారు. సాయంకాలం మేడమీద చేరిన పాత మిత్రులు, "ఒక్క గుక్కకే ఏం పోతుందిరా? పెద్ద సన్న్యాసివైపోయావే!" అని పరిహసించారు. ఉదయం తాగినందుకు నింద, సాయంత్రం తాగనందుకు నింద.

ఇంటికి వచ్చే దారిలో బ్రాందీ షాపు ఉంది. దాని ఎదుట అతని అడుగు ఆగింది. 'తాగినా తాగకపోయినా వీరందరికీ నేను తాగుబోతునే. అటువంటప్పుడు తాగితే మాత్రం కొత్తగా పోయేదేమిటి?' అన్న తలంపు కలిగింది. లోకనిందలోని అసలు ప్రమాదం ఇదే. అది మనస్సును గాయపరచి ఊరుకోదు. పతనానికి ఒక సాకును కూడా సమకూర్చిపెడుతుంది. ఆ సాకు న్యాయంగా కనిపిస్తుంది కనుక తృష్ణకంటె బలమైనది.

అతడు కొంతసేపు నిలబడి, నడిచి ఇల్లు చేరాడు. గుమ్మంలో భార్య ఎప్పటివలెనే అతని చేతిసంచి అందుకుంటూ, అవసరమైనదానికంటె కొంచెం దగ్గరగా నిలబడింది. అలా ఎందుకు నిలబడుతుందో అతనికి తెలుసు. పద్నాలుగు నెలలుగా సహించినవాడు ఆనాడు సహించలేకపోయాడు. "నువ్వు కూడానా?" అన్నాడు.

ఆమె తలదించుకుని, "మీ మీద అనుమానంతో కాదండీ. పదహారేళ్ళు ఆ వాసన కోసం వెతికిన ముక్కు ఇది. మానమంటే ఒక్కరోజులో మానడం లేదు" అంది.

ఆ మాటతో అతనికి వివేకం ఉదయించింది. తనకు మద్యం ఎలా అభ్యాసమై కూర్చుందో, ఆమెకు భయం అలాగే అభ్యాసమైంది. అతడు నిందగా భావించినది వాస్తవానికి తాను చేసిన గాయం.

ఇక్కడ మనం గ్రహించవలసిన సూక్ష్మం ఒకటుంది. భగవద్గీత 12వ అధ్యాయం నిందాస్తుతులను సమంగా చూడమంటుంది. ఆ సమభావానికి సిగ్గు విడవడమని గానీ, ఋణం ఎగవేయడమని గానీ అర్థం కాదు. గాయపడినవారికి సందేహించే అధికారం ఉంది. వారిని 'నన్ను నమ్మండి' అని నిర్బంధించడం మరొక హింస. విశ్వాసం అడిగితే లభించేది కాదు, దినదినమూ ఆచరణతో తీర్చవలసిన బాకీ.

పతంజలి యోగసూత్రాల సమాధిపాదంలో 33వ సూత్రం మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగు భావనలను బోధిస్తుంది. వాటి ప్రయోజనం ఎదుటివారిని సంస్కరించడం కాదు, తన చిత్తాన్ని ప్రసన్నంగా నిలుపుకోవడం. తన మేలుకు సంతోషించేవారితో మైత్రి. తనవల్ల దుఃఖించినవారిపట్ల కరుణ. తనకంటె ముందు ఈ దారిన నడిచినవారిని చూసి ముదిత. మేడమీది మిత్రులపట్ల ఉపేక్ష. ఉపేక్ష అంటే ద్వేషం కాదు. వారితో వాదానికి దిగకుండా, ఆ మేడ ఎక్కకుండా ఉండటమే.

1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో ఇద్దరు మద్యపీడితుల కలయికతో ఆల్కహాలిక్స్ అనానిమస్ ఆరంభమైంది. ఆ సమావేశాలలో ఎదుట కూర్చున్నవాడు కూడా పడి లేచినవాడే. అక్కడ తీర్పు చెప్పే పీఠం మీద ఎవరూ ఉండరు. నిందతో అలసిన మనస్సుకు అటువంటి సజ్జనసాంగత్యం గొప్ప ఊరట.

స్తుతి విషయంలో కూడా జాగరూకత అవసరం. 'మీరు జయించేశారు' అన్న పొగడ్తను నమ్మినవాడు ఏమరుపాటుకు లోనవుతాడు. అన్నిటికంటె కఠోరమైనది ఆత్మనింద. గీత 9వ అధ్యాయంలో భగవానుడు ఎంత దురాచారుడైనా అనన్యంగా తనను భజించేవాణ్ణి సాధువుగానే ఎంచాలంటాడు. అతని నిశ్చయం సరియైనది కావడమే అందుకు కారణమంటాడు. భగవానుడే నిశ్చయాన్ని లెక్కలోకి తీసుకుంటున్నప్పుడు, తన గతాన్నే తవ్వుకుంటూ కూర్చునే హక్కు సాధకునికి ఎక్కడిది?

ఆ జూదరి సూక్తం చివరలో సవితృదేవుడు అతనికి చేసిన ఉపదేశం అతి సరళమైనది: పాచికలు విడిచి పొలం దున్నుకోవడం. అత్తగారికి ఏమని బదులు చెప్పాలో, బంధువులను ఎలా ఒప్పించాలో ఆ దేవుడు చెప్పలేదు.

ఆ ఉపాధ్యాయుడు మరునాడు యథావిధిగా పాఠశాలకు వెళ్ళాడు. ఇప్పుడు సాయంకాలం ఇల్లు చేరగానే గుమ్మంలో తనంతట తానే ఒక క్షణం ఆగి, దగ్గరగా నిలబడి, సంచి భార్య చేతికిస్తాడు. ఆమె ఊపిరి పీల్చుకుని లోపలికి వెళుతుంది.