పడమటి గాలి, కుడిచెవి

ఫిల్మ్‌నగర్‌లో గాలి రెండు రకాలుగా దొరుకుతుంది. నాయిక పమిట ఎగరడానికి పెద్ద పంకా నుంచి వచ్చేది ఒకటి. ఆ ఎగిరే పమిటకు తగిన చప్పుడును, దాచి ఉంచిన శబ్దాలలోంచి వెదికి మావంటివాళ్ళం అతికించేది మరొకటి. అసలు గాలి వీస్తే మాత్రం మాకు చిరాకే. మైకులో దూరి మాటలను పాడుచేస్తుంది. అటువంటి గాలిమీద పగబట్టి బ్రతికే శబ్దమిశ్రణం వృత్తిలో పాతికేళ్ళు గడిపినవాణ్ణి, నలభైయెనిమిదో ఏట తెరచాప పడవల పందేలలో చేరానంటే మిత్రులు నవ్వకేం చేస్తారు!

జూబ్లీ హిల్స్ కొండలమీదుగా వచ్చే వానాకాలపు పడమటి గాలే తూర్పున దిగువనున్న హుస్సేన్‌సాగర్‌ను చేరుతుంది. అక్కడి పెద్ద పందేలు వానాకాలంలో జరగడానికి కారణం అదే. మా మేడమీద నిలబడితే ఆ గాలి నిండుగా, ఒకే దిక్కునుంచి వస్తున్నట్లు తోస్తుంది. సాగరం చేరేసరికి దాని రూపం వేరు. బంజారా హిల్స్, సోమాజిగూడల మేడల నడుమ నలిగి, ముక్కలై, ఏ సందు దొరికితే ఆ సందులోంచి వచ్చి పడుతుంది. నాలుగు నిమిషాలు ఈడ్చి కొడుతుంది, అయిదో నిమిషం మాయమవుతుంది. తెరచాప పడవ గాలికి ఎదురుగా నేరుగా పోలేదు. కుడికి కొంత, ఎడమకు కొంత ఏటవాలుగా అల్లుకొంటూ పోవాలి. గాలి దిక్కు మారినప్పుడల్లా ఆ అల్లిక అంతా తారుమారు.

ఇక నడిమధ్యన బుద్ధుడు. 58 అడుగుల ఏకశిలా విగ్రహం. దాని నీడలోకి పోతే తెరచాప తడిగుడ్డలా వ్రేలాడుతుంది. 1990 మార్చి 10న ఆ విగ్రహాన్ని తీసుకుపోతున్న బార్జి ఒరిగి, మనుషుల ప్రాణాలు పోయి, విగ్రహం నీటి అడుగుకు చేరింది. తిరిగి పైకి తీసి నిలబెట్టినది 1992 డిసెంబరులో. ఆ నీటిమీద నా కష్టాలను చెప్పుకోవడానికి కొంత సిగ్గుగానే ఉంటుంది.

నా పడవ లేజర్ జాతిది. 2019 నుంచి దానికి ఇల్కా అని పేరు మార్చినా మా ఒడ్డున ఎవరూ ఆ మాట అనరు. పద్నాలుగడుగుల పొడవు, ఒక్క తెరచాప, ఒక్క మనిషి. నిరుటి వరుసలో మేము పదకొండుమందిమి. మొదటి స్థానానికి ఒక పాయింటు, రెండవదానికి రెండు. తక్కువ వచ్చినవాడే విజేత. పందెం పూర్తిచేయనివాడికి పాల్గొన్నవారి సంఖ్యకన్నా ఒకటి ఎక్కువ, అనగా మాకు పన్నెండు.

తొలి పందెంలో అయిదు నిమిషాల జెండాలు ముగిసి హారన్ మ్రోగగానే నాకు ఎన్నడూ రానంత మంచి ఆరంభం వచ్చింది. ఇంతలో వెనుక రెండు హారన్లు! గీతను ముందే దాటిన పడవలు ఎక్కువై, ఏవేవో పోల్చలేక, అందరినీ వెనక్కు పిలిచారు. మా పరిశ్రమలో 'వన్ మోర్' అన్నమాటకు అలవాటుపడ్డవాణ్ణే గాని, రెండో టేకులో గాలి దిక్కు మారిపోతుందని ఎవరు చెప్పారు? తొమ్మిదవవాడిగా చేరాను.

తరువాతి పందెంలో మూడవస్థానంలో ఉండగా పడవ ఎవరో పట్టి ఆపినట్లు నిలిచిపోయింది. అడుగున నీటిలోకి దించే పలకకు జరీ అంచు గుడ్డ ఒకటి చుట్టుకొంది. ఏ వినాయకుని పందిరిదో! దాన్ని విడదీస్తుండగానే పందెం ముగిసింది. పన్నెండు పాయింట్లు.

మూడవది అసలైనది. గాలి ఒక్కసారిగా ఎదురుదిక్కుకు తిరిగి పదకొండు పడవల్లో అయిదింటిని పడగొట్టింది. నాది పూర్తిగా బోర్లా పడింది. మామూలుగా ఆ పలకమీద నిలబడి, ఒంటి బరువుతో లాగితే పడవ లేస్తుంది. ఆ చోట లోతు తక్కువ, పూడిక ఎక్కువ. తెరచాప కొయ్య కొస బురదలో దిగబడిపోయింది. ఇరవై నిమిషాలు నీళ్ళలో పెనుగులాడాక రక్షకుల మోటారు పడవ వచ్చి లాగింది. కూకట్‌పల్లి నాలా దశాబ్దాలపాటు మురుగును, కార్ఖానాల వ్యర్థాలను తెచ్చి కలిపిన నీరది. మళ్ళీ పన్నెండు! అన్నింటిలోకి చెడ్డ ఫలితం ఒకదాన్ని లెక్కలోంచి తీసేసే సదుపాయం ఉంది. రెండవదాన్ని మోయక తప్పదు.

నాలుగవనాటికి కుడిచెవిలో దురద, ఆపైన నొప్పి, ఆపైన ఏమీ వినబడకపోవడం. చెవిలో బూజు పట్టిందన్నారు వైద్యులు. మూడు వారాలు చుక్కలు, శుభ్రం చేయడాలు. నా వృత్తిలో రెండు చెవులూ త్రాసులోని రెండు పళ్ళేలు. ఒక పళ్ళెం విరిగాక తూకమెక్కడ? నేను ఆరునెలలు పనిచేసిన చిత్రానికి చివరి రెండు రీళ్ళు మిగిలే ఉన్నాయి. విడుదల తేదీ ఆగదు కదా. ఆ రీళ్ళను నా శిష్యుడు కూర్చాడు, బాగానే కూర్చాడు. థియేటరులో పతాక సన్నివేశం చూస్తూ, తుఫాను హోరు ఎడమనుంచే వస్తున్నదేమని అడిగితే ఇంటావిడ నా ముఖంకేసి చూసి, "రెండువైపులనుంచీ వస్తోందండీ" అన్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వినికిడి తిరిగి వచ్చింది. ఇప్పటికీ పని మొదలుపెట్టేముందు ఒకే స్వరాన్ని చెరొక చెవిలో వినిపించుకొని పోల్చుకొంటాను.

ఈ ఏడు చెవిలో నీరు పడరాదన్నది వైద్యుల ఆజ్ఞ. పడవను పదిహేడేళ్ళ కుర్రవాడొకడికి ఇచ్చాను. నన్ను మాష్టారూ అంటాడు, నేనేమీ నేర్పకపోయినా. నేను పందేలు నడిపే పడవలో కూర్చొని జెండాలు ఎత్తుతూ దించుతూ ఉన్నాను. హారన్ నా కుడిచెవికి రెండడుగుల దూరంలో మ్రోగుతుంది. దూది పెట్టుకొంటున్నాను.