రెండు తెరల ఆట



మొన్న పోచంపాడ్‌లో ఇంటి కూడిక జరుగుతుంటే ఒక బాబు వెనక కూర్చొని నింటెండో డీఎస్ ఆడుతున్నాడు. మడతపెట్టే చిన్న యంత్రం, దానికి రెండు తెరలు. మాకు కోపమొచ్చింది. ఆమేన్ చెప్పగానే దగ్గరికి పిలిచాం.

వాడు భయపడకుండా ఆట చూపించాడు. 2006లో వచ్చిన న్యూ సూపర్ మారియో బ్రదర్స్. పై తెరలో మారియో గుంతలు దూకుతూ పోతాడు. జెండా ఇంకెంత దూరముందో కింది తెరలో గీత మీద కనబడుతుంది. (మనకూ అలా కనబడితే ఎంత బాగుండు!) ఆడినంత వరకు దాచుకోవడానికి అందులో మూడు గడులున్నాయి. మొదటి గడి వాళ్ళ నాన్నది. దుబాయ్ నుంచి సెలవుకు వచ్చినప్పుడు ఎనిమిది లోకాల్లో మూడోదాకా ఆడి, మళ్ళీ విమానమెక్కాడట.

"అది నేను ముట్ట అయ్యగారు. డాడీ వచ్చినంక ఆడుతడు."

నాలుగేళ్ళయింది. ఆయన పేరు మా ప్రార్థన పుస్తకంలో ఉంది. ఈ మధ్య ఆ పేజీ తిప్పడమే మానేశాం.

మందలిద్దామని పిలిచినవాళ్ళం మళ్ళీ మోకరించాం. బాబు యంత్రం మూసి, రెండు చేతులతో పట్టుకొని, మా పక్కనే మోకరించాడు.