ఛాయ లేని ఛాయాచిత్రము



రెండు నెలలుగా ఈ పుటలో ఒక్క అక్షరమైనను వ్రాయలేదు. ఆరోగ్యము బాగుగా నున్నదా అని అడిగిన మిత్రులకు కృతజ్ఞతలు. ఆరోగ్యమునకేమియు కొదువ లేదు. మా అమ్మాయి పురిటికి వచ్చినది, మనుమడు పుట్టినాడు, అంతే. ఇంటిలో పసివాడుండగా కంప్యూటరు ముందు కూర్చుండుటకు మనసొప్పదు. మనసొప్పినను వాడు ఒప్పడు.

అల్లుడు మస్కట్టులో ఇంజనీరు. బారసాలకు వచ్చి పదునాలుగు దినములుండి వెళ్ళినాడు. తల్లీబిడ్డలు అక్కడికి చేరవలెనన్నచో మూడు నెలల వానికి కూడ పాస్‌పోర్టు ఉండవలెను. తలిదండ్రులిరువురును సంతకము చేయవలసిన అనుబంధము-డి అను కాగితమొకటి కలదు. దానిపై అల్లుడు వెళ్ళుటకు ముందే సంతకము చేసి ఇచ్చినాడు. ఇక జనన ధ్రువపత్రము. 2023 అక్టోబరు 1 నాటినుండి పుట్టినవారికి జన్మతేదీ నిరూపించుటకు ఆ పత్రమొక్కటే ఆధారమని 2025లో నియమములు మార్చినారు. కావున మొదట దానిలో పేరు చేర్పించవలసి వచ్చినది. వాని పేరులో ఒక శకారమున్నది. ముప్పదియైదేండ్లు శ ష స ల భేదము చెప్పి గొంతు పోగొట్టుకొన్న నేను, ఆ శకారమునకు ఆంగ్లములో రెండక్షరములు వ్రాయించి, అవి షకారమునకు కూడ చెల్లునని తెలిసియు, తల యూపి వచ్చితిని. అదియొక కథ. ఇంకొకమారు చెప్పెదను.

అసలు కష్టము ఫోటో దగ్గర వచ్చినది. పెద్దలకు పాస్‌పోర్టు సేవా కేంద్రములోనే ఫోటో తీసెదరు. నాలుగేండ్లు నిండని పిల్లలకు మాత్రము మనమే తీసికొనిపోవలెను. నాలుగున్నర సెంటీమీటర్ల పొడవు, మూడున్నర సెంటీమీటర్ల వెడల్పు. వెనుక తెల్లని తెర. చిత్రములో నూటికి 80 నుండి 85 పాళ్ళు ముఖమే యుండవలెను. కనులు తెరచి సూటిగా చూడవలెను, నోరు మూసియుండవలెను, ఇంకెవ్వరి చేయియు కనబడరాదు, ముఖముమీద గాని వెనుకగాని నీడ పడరాదు. ఈ నియమములు మన దేశమువారు ఊరక కల్పించినవి కావు. మాంట్రియల్ నగరములోని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 9303 సంఖ్యగల పత్రములో లోకమంతటికిని విధించినవాటికి అనుగుణమైనవి. ముఖమును ఇప్పుడు మనుష్యుడే గాక యంత్రము కూడ చదువుచున్నది. చిప్పు పొదిగిన ఈ-పాస్‌పోర్టులు మన దేశమున 2024లో మొదలైనవి.

నీడ పడరాదన్న నియమము చదివి నాకు నవ్వు వచ్చినది. ఫోటోకు మనవారు ఛాయాచిత్రమని పేరు పెట్టినారు. ఛాయ యనగా నీడయు అగును. ఛాయ లేని ఛాయాచిత్రము కావలెనట!

మొదట ఇంటిలోనే ప్రయత్నించితిమి. మంచముమీద తెల్ల దుప్పటి పరచి, వానిని వెల్లకిల పరుండబెట్టి, మా అమ్మాయి సెల్‌ఫోను పట్టుకొని పైకి వంగినది. వంగగానే దాని తల నీడ వాని ముఖముమీద పడినది. ప్రక్కకు జరిగినచో ముఖము వంకరగా వచ్చినది. కిటికీ వైపు త్రిప్పినచో ఒక చెంప తెలుపు, ఒక చెంప నలుపు. ఇవన్నియు సరిపడిన వేళ వాడు పంకాను చూచుచుండును. ఆ పంకాలో వానికేమి కనబడునో గాని, మా అందరి ముఖములకంటె దాని రెక్కలే వానికి ప్రియము. పంకా ఆపినచో ఏడ్పు. ఏడ్పు ఆపుటకు పాలు. పాలు త్రాగినచో నిద్ర. నిద్ర లేచినచో పిడికిలి నోటిలో. రెండు దినములలో అరువది యెనిమిది చిత్రములు తీసినాము. ఒక్కటియు పనికి రాలేదు.

ఇంతలో మరియొక చిక్కు. మా ఇంటిది వానికి ప్రతి దినము స్నానమైన పిమ్మట కాటుకతో బుగ్గమీద రూపాయి బిళ్ళంత దిష్టిచుక్క పెట్టును. అమ్మాయి తడిగుడ్డతో దానిని తుడువబోయినది.

"చుక్క లేకుండానా! ముందే ఏడాది నిండని బిడ్డకి ఫోటో."

"అమ్మా, ముఖం మీద మచ్చుంటే తిప్పి పంపుతారమ్మా."

"పంపనీ."

ఆ 'పంపనీ' అన్న మాట అన్నతీరు వేరు. అమ్మాయి నావంక చూచినది. నేను వార్తాపత్రికలో తల దూర్చితిని.

పసిపిల్లలకు ఏడాది నిండకుండ ఫోటో తీసినచో ఆయుక్షీణమని మనవైపు ఒక నమ్మకము కలదు. చదువరులలో అనేకులు విని యుందురు. దానిని కొట్టిపారవేయుట నాకేమంత కష్టము గాదు. తరగతిలో ఎన్నిమారులు ఇట్టివాటిని ఎగతాళి చేసితినో లెక్కలేదు. ఇంటిలో మాత్రము ఏనాడును నోరెత్తలేదు. ఎందుకనగా, మా అమ్మాయి మా మొదటి సంతానము కాదు.

1985లో మాకొక కొడుకు పుట్టినాడు. నేను ఉద్యోగములో చేరి అప్పటికి ఒక సంవత్సరమే. పదవ తరగతి పిల్లలను వరుసగా నిలువబెట్టి ఫోటో తీయుటకు పట్టణమునుండి ఒకాయన బడికి వచ్చినాడు. పని ముగిసిన పిదప, ఇంటికి వచ్చి మావానికొక ఫోటో తీసిపెట్టుమని అడిగితిని. పదునైదు రూపాయలన్నాడు. అతడు ఇంటి గుమ్మము దాకా వచ్చినాడు కూడ. మా అమ్మ అరుగుమీద నుండి లేచి అడ్డము నిలిచినది. "నాలుగో నెల బిడ్డకి పటమేమిట్రా" అన్నది. నాకా నమ్మకము లేదు. తల్లితో పేచీ ఎందుకనుకొంటిని. సత్యము చెప్పవలెనన్నచో, పదునైదు రూపాయలు మిగిలినవన్న ఊరట కూడ మనసులో ఒక మూల నుండినది. నెలకు వచ్చు జీతములో అది చిన్న మొత్తము కాదు. అతనికి మజ్జిగ ఇచ్చి పంపివేసితిని.

పదునేడు దినములకు పిల్లవానికి జ్వరము వచ్చినది. మూడవనాడు పోయినాడు.

వాని రూపు నాకిప్పుడు జ్ఞప్తికి రాదు. ఉయ్యాల జ్ఞాపకమున్నది, చొక్కా జ్ఞాపకమున్నది, ముఖము లేదు. ఈ మాట నలుబదేండ్లలో నేను మా ఇంటిదానితో చెప్పలేదు, ఆమెయు నాతో చెప్పలేదు. ఆశ్చర్యమేమనగా, ఏ నిషేధమువలన ఆమెకు బిడ్డ పటము కూడ మిగులలేదో, ఆ నిషేధమును మా అమ్మ పోయిన తరువాత ఆమెయే పట్టుకొన్నది. 1994లో అమ్మాయి పుట్టినప్పుడు పుట్టినరోజు వెళ్ళువరకు ఫోటో తీయనీయలేదు. ఫోటో లేకయే మొదటివాడు పోయినాడుగదా అని తర్కించుట సులభము. ఆమె ముందు ఆ తర్కము చేయగల ధైర్యము నాకు లేదు.

మూడవనాడు మా ఊరి స్టూడియోకు పోయితిమి. దాని యజమాని నా పూర్వ విద్యార్థి. పదవ తరగతిలో ఛందస్సు రాక నా చేత మొట్టికాయలు తిన్నవాడు. "మాస్టారూ, గణవిభజన నాకు రాలేదు గానీ, ఇది నాకొదిలేయండి" అని నవ్వినాడు. రెండు దీపములు రెండు ప్రక్కల నుంచి, వాటికి తెల్లని గొడుగులు పట్టి నీడ లేకుండ చేసినాడు. బిడ్డను ఎవరైన వెనుకనుండి నిలువుగా పట్టుకొన్నచో తీసెదనన్నాడు. అమ్మాయి ముందుకు రాబోయినది.

"నువ్వుండు. మెడ నిలవని బిడ్డ. నీకు పట్టుకోవడం రాదు" అని మా ఇంటిది కుర్చీలో కూర్చున్నది. తన చేతులతోనే దిష్టిచుక్క తుడిచినది. తరువాత నా మల్లు పంచెను తలమీదుగా కప్పుకొన్నది. పంచె లోపలినుండి చేతులు చాచి, గుడ్డతో కూడ వానిని పట్టుకొన్నది.

పంతొమ్మిదవ శతాబ్దమున ఫోటో ఫలకముమీద బింబము నిలుచుటకు చాలసేపు పట్టెడిదట. పసివారు కదలకుండుటకై ఐరోపాలో తల్లులు నిలువునా గుడ్డ కప్పుకొని, కుర్చీవలె కూర్చుండి, ఒడిలో బిడ్డను పట్టుకొనెడివారు. అట్టి పాత చిత్రములు నేను చూచియున్నాను. బిడ్డ వెనుక ముసుగు వేసికొన్న ఆకారమును చూచి ఒకింత భయమే కలిగినది. ఆ దినము స్టూడియోలో నాకు భయము కలుగలేదు. పంచె లోపలినుండి ఆమె ఏమో సన్నగా పాడుచున్నది. వాడు ఆ పాట ఎక్కడినుండి వచ్చుచున్నదో తెలియక, నోరు మూసికొని, కనులు విప్పి, నేరుగా ముందుకు చూచినాడు. మా శిష్యుడు మీట నొక్కినాడు.

కేంద్రములోనికి తలిదండ్రులకు తప్ప మాబోంట్లకు ప్రవేశము లేదు. మేమిద్దరము బయట వేపచెట్టు క్రింద నిలుచుంటిమి. అరగంటకు అమ్మాయి బిడ్డతో వెలుపలికి వచ్చినది. ఫోటో చెల్లదన్నారట. చెవి ప్రక్కన ఎవరివో రెండు వేళ్ళు కనబడుచున్నవట. నేను పదిమారులు చూచిన చిత్రమే, నా కంట బడలేదు. మరల చూచితిని. పంచె అంచు తొలగి, ఎడమ చెవి క్రింద, తెలుపుమీద తెలుపులో కలిసి, ముడుతలు పడిన రెండు వ్రేళ్ళు, ఒకదానికి ఉంగరము. చెల్లదన్నవారి దోషమేమియు లేదు.

వేరొక ఫోటోతో వెంటనే వచ్చినచో చూచెదమన్నారట. వీధి చివర జెరాక్సు దుకాణములో ఫోటోలు కూడ తీయుచున్నారు. పోయి చూచినచో మావాడు గాఢ నిద్రలో ఉన్నాడు. అరికాళ్ళు గీరినాము, చెవిలో ఊదినాము, చొక్కా విప్పినాము. దుకాణములోని కుఱ్ఱవాడు స్టూలెక్కి కెమెరా పట్టుకొని ఇరువది నిముషములు నిలుచున్నాడు, వానికి పుణ్యముండును. బల్లమీద అదే మల్లు పంచె. మా ఇంటిది దానిని సంచిలో పెట్టుకొని వచ్చినదని అప్పటిదాకా నాకు తెలియదు. చివరకు వాడు కనులు తెరచి, లోకములోని సకల అధికారులను అనుమానించువానివలె చూచినాడు. ఆ చూపే కుదిరినది. ఐదేండ్లపాటు, వాడు బడికి పోవువరకు, పాస్‌పోర్టులో ఆ చూపే ఉండును.

పని ముగిసి కారులో తిరిగి వచ్చుచుండగా అమ్మాయి సంచి సర్దుచు, చెల్లని ఫోటో ప్రతులను చింపబోయినది. మా ఇంటిది చేయి చాచి ఒకటి తీసికొన్నది. కళ్ళజోడు పెట్టుకొని చాలసేపు చూచినది. తరువాత నావైపు వంగి, అమ్మాయికి వినబడకుండ చెప్పినది.

"చూడండి, ఈ తమ్మె. వాడికీ ఇలాగే మడతుండేది. ఎడమ చెవికే."

నాకు జ్ఞాపకము లేదు. అవునన్నాను.

పాస్‌పోర్టు తొమ్మిదవనాడు స్పీడుపోస్టులో వచ్చినది. వచ్చే నెల పదునాలుగవ తేదీన వారి ప్రయాణము. ఆ చెల్లని ఫోటోను ఆమె ఎక్కడ దాచుకొన్నదో నేనడుగలేదు. విమానాశ్రయమునకు పోయి వచ్చిన తరువాత మరల వ్రాసెదను.