ఊపిరి ఋణం

హెపారిన్ అన్న పదానికి వ్యుత్పత్తి వెదికితే గ్రీకుభాషలో కాలేయాన్ని చెప్పే 'హెపార్' దగ్గర తేలుతుంది. 1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో మెక్లీన్ అనే వైద్యవిద్యార్థి, కుక్క కాలేయం నుండి తీసిన పదార్థం రక్తాన్ని గడ్డకట్టనివ్వకపోవడం గమనించాడు. ఆ పరిశోధనను కొనసాగించిన గురువు హోవెల్ 1918లో ఈ నామకరణం చేశాడు. నేడు ఆ మందును ప్రధానంగా పందిపేగుల నుండి తీస్తున్నారు. 1978లో హైదరాబాదులో ఆరంభమైన గ్లాండ్ ఫార్మా కూడా దీని తయారీలో పేరుపొందినదే.

రక్తానికి సంబంధించిన ఈ మందుకు ఉబ్బసంతో ఏమి పని అని చదువరులకు సందేహం రావచ్చు. మన దేహంలోని మాస్ట్ కణాలలోనూ హెపారిన్ ఉంటుంది. పడని ధూళి సోకినప్పుడు ఆ కణాలు హిస్టమిన్‌ను చిమ్మి శ్వాసనాళాలను బిగిస్తాయి. ఆ బిగువును అణచగల హెపారిన్ కూడా ఆ సంచిలోనే ఉన్నది. హాలాహలమూ అమృతమూ ఒకే పాలకడలిలో పుట్టలేదా!

1990ల తొలినాళ్లలో మయామీలో తాహిర్ అహ్మద్ బృందం దీనిని గొర్రెలపై పరీక్షించింది. ఏలికపాము జాతి పురుగు సారం పడని గొర్రెలకు ముందుగా హెపారిన్ తుంపరలు పీల్పించి, తరువాత ఆ సారాన్ని పీల్పిస్తే, నాళాల బిగువు బాగా తగ్గింది. 1993లో, పరుగెత్తితే ఆయాసం వచ్చే పన్నెండుమందిలోనూ మేలు కనిపించింది. రక్తాన్ని పలుచన చేసే గుణం తీసివేసిన హెపారిన్ కూడా గొర్రెలలో పనిచేయడం మరింత విశేషం. అయినా మనుషులలో తరువాతి ఫలితాలు ఒక్కతీరుగా లేవు. నేటికీ అది ఉబ్బసానికి వాడుక మందు కాలేదు. కనుక ఎవరూ సొంతంగా ప్రయత్నించరాదు.

మా మైపాడులో తూర్పంటే సముద్రమే. చరకుడు తమకశ్వాసను వర్ణిస్తూ, మబ్బు, నీరు, చలి, తూర్పుగాలి దానిని పెంచుతాయనీ, కూర్చుంటే రోగికి ఉపశమనమనీ చెప్పాడు. ఆ లక్షణాలన్నీ నేను పుస్తకంలో కంటె ముందు మా తమ్ముడిలో చదివాను. మార్గశిరమాసపు రాత్రులలో వాడు దిండ్లకు ఆనుకొని కూర్చుంటే, ఆ పిల్లికూతలు వింటూ అమ్మ తెల్లవార్లూ వీపు నిమిరేది. అప్పుడెవరైనా ఒక గొర్రె ఊపిరి బిగిస్తే వీడికి ఊపిరి ఆడుతుందంటే, నేను కాదనగలిగేవాడినా? అనలేను.

కాని కాదనలేకపోవడం వేరు, ఆ బాధను లెక్కచేయకపోవడం వేరు. ప్రయోగంలో ప్రాణులకు అనవసరపు హింస కలుగరాదని మన 1960 నాటి చట్టం చెబుతోంది. పితృఋణం, ఋషిఋణం, దేవఋణం అని పిల్లలకు పాఠం చెప్పిన నాకు, నోరులేని జీవాల ఋణం కూడా ఆ వరుసలో చేర్చవలసినదే అనిపిస్తుంది. ఫలించిన ప్రయోగానికే కాదు, ఫలించని దానికీ ఆ ఋణం ఉంటుంది.