వాషింగ్టన్‌లో సంతకం... దిల్‌సుఖ్‌నగర్‌లో బోర్డు!

తెల్లవారుజామున ఎల్బీనగర్ చౌరస్తాలో కాసేపు నిలబడి చూడండి. విజయవాడ, ఖమ్మం, సూర్యాపేట, నల్గొండ... అటువైపు నుంచి వచ్చే బస్సులన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగుతుంటాయి. కండక్టరు 'ఎల్బీనగర్... ఎల్బీనగర్' అనడమే ఆలస్యం, నిద్రమొహాలతో జనం బిలబిలమంటూ దిగుతారు. పెళ్లి బట్టలకోసం వచ్చినవాళ్లు, ఆసుపత్రి పనిమీద వచ్చినవాళ్లు ఆటోల కోసం బేరాలాడుతుంటే... భుజాన ల్యాప్‌టాప్ సంచి, చేతిలో పచ్చడి సీసాల మూట ఉన్న కుర్రాళ్లూ అమ్మాయిలూ మాత్రం ఎవర్నీ దారి అడగరు. నేరుగా మెట్రో మెట్లెక్కుతారు. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటితే ఆ తర్వాతి స్టేషనే దిల్‌సుఖ్‌నగర్.

అక్కడ దిగి తల పైకెత్తారో... ఆకాశం కన్నా ముందు బోర్డులే కనిపిస్తాయి! కింద చీరల దుకాణం, దానిపైన కళ్లద్దాల షాపు, ఆపైన కోచింగ్. గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు, డీఎస్సీ, కానిస్టేబుల్... వాటి మధ్యలో సాఫ్ట్‌వేర్ కోర్సులు. ఆ కోర్సులకు రాజధాని అమీర్‌పేటే, కాదనడం లేదు. కానీ 2018 సెప్టెంబరులో అమీర్‌పేట-ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక ఈ రెండూ ఒకే బజారుకు రెండు కొసల్లా తయారయ్యాయి. హాస్టల్ ఇక్కడ, క్లాసు అక్కడ. లేదంటే రెండూ ఇక్కడే.

సాఫ్ట్‌వేర్ బోర్డుల్ని పాతకాలం నుంచి వరసగా గుర్తుచేసుకుంటే అమెరికాకి ఎప్పుడు ఏం అవసరమైందో చెప్పేయొచ్చు. వైటూకే గుబులు రోజుల్లో మెయిన్‌ఫ్రేమ్, కోబాల్. ఆ తర్వాత జావా, డాట్‌నెట్. అటుపైన టెస్టింగ్ టూల్స్, హడూప్, డేటా సైన్స్. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది. ఇక చూస్కోండి... జనరేటివ్ ఏఐ, ప్రాంప్ట్ ఇంజినీరింగ్! ఫ్లెక్సీ మార్చడానికి ఒక్క రాత్రి చాలు. దాన్ని నేర్పేవాళ్లు తయారవడానికే టైము పడుతుంది. ఊళ్లో ఎకరమో అరెకరమో అమ్మి ఫీజు కట్టిన నాన్నకు ఆ తేడా తెలిసే దారేది?

ఆ ఫ్లెక్సీ మీద రాతను మార్చేది ఇన్‌స్టిట్యూట్ యజమాని కాదు. వాషింగ్టన్, బీజింగ్, పారిస్, ఢిల్లీ!

పంక్తి భోజనం

కృత్రిమ మేధకు రెండు కావాలి. బోలెడంత సమాచారం, దాన్ని నమిలి మింగే జీపీయూ చిప్పులు. ఈ చిప్పుల్లో అత్యాధునికమైనవి చైనాకు అందకూడదని 2022 అక్టోబరు 7న అమెరికా ఆంక్షలు పెట్టింది. వాళ్లూ వాళ్లూ కొట్టుకుంటే మనకేంటి అనుకున్నాం. 2025 జనవరిలో బైడెన్ ప్రభుత్వం దిగిపోయే ముందు ప్రపంచ దేశాలన్నిటినీ మూడు పంక్తులుగా కూర్చోబెట్టింది. మొదటి పంక్తిలో దగ్గరి మిత్రులు, వాళ్లకు అడిగినంత. ఆఖరి పంక్తికి విస్తరే లేదు. మనల్ని కూర్చోబెట్టింది మధ్య పంక్తిలో, అంటే లెక్కపెట్టి వడ్డిస్తారన్నమాట! ఆ నిబంధన అమల్లోకి రాకముందే మే నెలలో ట్రంప్ ప్రభుత్వం రద్దుచేసింది. కానీ వంటిల్లు ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలిసొచ్చింది.

తమాషా ఏంటంటే, ఈ పోటీ హాస్టల్ గదికి ఒక మేలు కూడా చేసింది. అదే జనవరి 20న చైనా కంపెనీ డీప్‌సీక్ తన 'ఆర్1' మోడల్‌ను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చంటూ బయటపెట్టింది. వారం తిరిగేసరికి, 27న ఒక్కరోజులోనే చిప్పుల కంపెనీ ఎన్విడియా మార్కెట్ విలువ దాదాపు 60 వేల కోట్ల డాలర్లు ఆవిరైంది. ఆ మోడల్ చిన్నరకాల్ని ఓ మాదిరి ల్యాప్‌టాప్‌లోనూ నడుపుకోవచ్చు. అటు మన ఆర్థిక శాఖేమో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివాటిని ఆఫీసు కంప్యూటర్లలో వాడొద్దని అప్పుడే ఉద్యోగులకు చెప్పింది. ఇద్దరూ ఇద్దరికీ జాగ్రత్తే!

పోటీ సరే, పొత్తు మాటేమిటి? అదీ నడుస్తోంది. 2023 నవంబరులో బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్క్‌లో అమెరికా, చైనా, భారత్ సహా 28 దేశాలూ యూరోపియన్ యూనియన్‌ కలిసి ఒకే ప్రకటన మీద ఒప్పుకున్నాయి. 2024 మేలో సియోల్. 2025 ఫిబ్రవరిలో పారిస్‌లో ఫ్రాన్స్ అధ్యక్షుడితో కలిసి మన ప్రధాని సభకు అధ్యక్షత వహించారు, అక్కడ మాత్రం అమెరికా, బ్రిటన్ సంతకం పెట్టలేదు. 2026 ఫిబ్రవరిలో సభ న్యూఢిల్లీకి వచ్చింది. వాటి పేర్లు చూడండి: బ్లెచ్లీలో 'భద్రత', పారిస్‌లో 'కార్యాచరణ', ఢిల్లీలో 'ప్రభావం'. భయంతో మొదలై బేరం దాకా వచ్చాయనిపిస్తుంది నాకైతే.

దిల్‌సుఖ్‌నగర్‌ను అన్నిటికన్నా గట్టిగా కుదిపింది మాత్రం ఇవేవీ కావు. 2025 సెప్టెంబరు 19న ట్రంప్ పెట్టిన సంతకం. కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్నారు, అప్పటి లెక్కలో 88 లక్షల రూపాయలు! ఏడాది గడువుతో వచ్చిన ఆదేశమే అయినా ఎన్నిళ్లలో ఆ రాత్రి నిద్రలేదో. 2010-17 మధ్య అమెరికాలో అన్నిటికన్నా వేగంగా, 86 శాతం పెరిగిన భాష మన తెలుగే మరి. వైటూకే నాటినుంచి ఈ బజారు మొత్తం నిలబడింది ఒక నమ్మకం మీద... ఇక్కడ నేర్చుకుంటే అక్కడికి వెళ్లొచ్చని. మేధ కావాలి, మనుషులు మాత్రం వద్దు అంటే ఆ నమ్మకం ఏం కావాలి?

మళ్లీ ఖమ్మం బస్సు

జవాబు కొంతవరకు ఎల్బీనగర్లో ఆగే ఖమ్మం బస్సులోనే ఉందని నా ఉద్దేశం. తెలంగాణ ప్రభుత్వం, వరల్డ్ ఎకనమిక్ ఫోరం, డిజిటల్ గ్రీన్ కలిసి ఖమ్మం జిల్లాలో 'సాగు బాగు' పథకం చేపట్టాయి. 7 వేలమంది మిరప రైతులకు తెలుగులోనే సలహాలిచ్చే చాట్‌బాట్, కాయ నాణ్యతను కంప్యూటర్ చూపుతో తేల్చే పరీక్ష, భూసార పరీక్షలు, అమ్మకానికి డిజిటల్ వేదిక. ఎకరాకు దిగుబడి 21 శాతం పెరిగిందనీ, పురుగుమందుల వాడకం 9 శాతం తగ్గిందనీ, ధర 8 శాతం ఎక్కువ పలికిందనీ ఫోరం లెక్క. దేశాల పొత్తు అంటే ఎక్కడో సూటుబూట్ల ఫొటో అనుకుంటాం. అది మిరప చేను దాకా వచ్చింది!

ఇలాంటి పనికి అమెరికావాళ్లకన్నా ముందు కావాల్సింది తెలుగు తెలిసిన పిల్లలు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 8 కోట్లమందికి పైగా మాతృభాష ఇది. అయినా పెద్ద మోడళ్లు తిన్న తిండిలో అగ్రభాగం ఇంగ్లిషే. ఆ కొరత తీర్చడానికి 2022లో కేంద్రం 'భాషిణి'ని మొదలుపెట్టింది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ అందులో భాగస్వామి. 'స్వేచ్ఛ' సంస్థ ఇంజినీరింగ్ విద్యార్థులతో పాత తెలుగు కథల్ని కంప్యూటర్‌కెక్కించి 'చందమామ కథలు' పేరుతో ఒక చిన్న తెలుగు మోడల్ తయారుచేయించింది. నల్గొండ యాసలో రైతు అడిగిన ప్రశ్న యంత్రానికి అర్థమైందో లేదో తేల్చాలంటే కాలిఫోర్నియాలో కుదరదు. ఆ యాస ఇంట్లో విన్న అమ్మాయి, ఇప్పుడు చైతన్యపురి హాస్టల్లో త్రీ షేరింగ్ గదిలో ఉంటుంది.

మరి ఆ అమ్మాయికి చిప్పులెక్కడివి? 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం రూ.10,371.92 కోట్లతో 'ఇండియా ఏఐ మిషన్'కు ఆమోదం తెలిపింది. ఆ కింద వేల జీపీయూలను సమకూర్చి స్టార్టప్‌లు, పరిశోధకులతోపాటు విద్యార్థులకూ రాయితీపై అద్దెకిస్తున్నారు. ప్రభుత్వం చెప్పిన సగటు ధర గంటకు దాదాపు 65 రూపాయలు. దిల్‌సుఖ్‌నగర్లో ఒక ప్లేటు దోసె ఖరీదుకు కాస్త అటూ ఇటూ!

మూడో అంతస్తు ఎక్కి కౌంటర్ దగ్గర ఫీజు బేరమాడే ముందు అమ్మానాన్నలు ఒక్కసారి కనుక్కోవచ్చు. ఈ కోర్సులో పిల్లలు ఆ యంత్రాల మీద ఏదైనా చేసి చూస్తారా, లేక ఎవరో చేసినదాన్ని తెరమీద చూసి నోట్సు రాసుకుంటారా అని. ఎదురుగా కూర్చున్నవాళ్లు వెంటనే జవాబు చెప్పారా, సార్ క్లాసులో ఉన్నారన్నారా... గమనించండి.